రెండో ముక్క

సాలూరు అప్పటికింకా విజయనగరం జిల్లాలోనే ఉంది.
బైపాసు మలుపులో మా లారీల బుకింగాఫీసు.
రేకుల షెడ్డు, ఒక బల్ల,
బల్ల మీద గోనెపట్టా కప్పుకున్న కంప్యూటరు.

నెమ్మదిగా నడిచేది పాపం.
ఒక్క బిల్లు తీసేలోగా
డ్రైవర్లు రెండో టీ కూడా తాగేసి
గ్లాసు అడుగు చూస్తూ నిలబడేవారు.
ఓనరుగారు విసుక్కుంటే
విశాఖ వెళ్ళి, పాత సామాన్ల కొట్లో
ఇంకో ర్యామ్ ముక్క కొనుక్కొచ్చాను,
నాలుగొందల యాభైకి.
నేనే మూత విప్పి, నేనే నొక్కాను.
టక్కుమంది.
ఆ టక్కు విని ఎంత పొంగిపోయానో
ఇప్పుడు చెప్పాలంటే సిగ్గు.

వారం రోజులు పరుగులు తీసింది.

తరవాత ఒక రాత్రి
జగదల్‌పూర్ లోడుకి లెక్క కొడుతుంటే
తెరంతా నీలం.
తెల్లటి అక్షరాలేవో గొణిగి
దానంతటదే ఆరి, దానంతటదే వెలిగింది,
ఘాటీ మీద కునుకులోకి జారి
ఉలిక్కిపడి లేచిన డ్రైవరులా.
నేనూ ఏమీ జరగనట్టే
మళ్ళీ మొదట్నించి కొట్టాను.

ఆరిపోవడమే నయమని తరవాత తెలిసింది.
ఆరనప్పుడు చేసిందే అసలు పని.

తొమ్మిది టన్నుల చింతపండు
తొంభై ఒకటి అయింది.
ఎప్పుడో అమ్మేసిన బండి
రాయపూర్ నుంచి సిమెంటు వేసుకుని తిరిగొచ్చింది.
దాలినాయుడు పేరు సగంలో విరిగి
మిగతా సగం గళ్ళు, ప్రశ్నార్థకాలు.
శనివారం శనివారం పెన్‌డ్రైవులో దాచిన నకళ్ళు తెరిచాను.
అవీ అంతే.
చెడిన చెయ్యే కదా దాచింది.

ఓనరుగారు ఒక్క మాటా అనలేదు.
దాలినాయుడే అన్నాడు:
"మూడు ట్రిప్పుల బత్తా రావాల బాబూ నాకు.
నీ డబ్బా నాను కొండెక్కనేదంతంది.
మరి నా నడుమెందుకు నొప్పెడతంది?"

విజయనగరం నుంచి ఇలియాజ్ వచ్చాడు.
ముక్కలు రెండూ ఊడదీసి
విడివిడిగా పెట్టి, రాత్రంతా పరీక్ష.
మొదటిది బాగుంది.
రెండోదీ బాగుంది.
కలిపి పెడితే, వరసలు వరసలుగా ఎర్రటి తప్పులు.
"దీని వేగం వేరు, దాని వేగం వేరు.
రెండిట్లో ఏదీ చెడ్డది కాదన్నా."
ఎవర్ని తిట్టాలో తెలీక
లేచి ఫ్యాను కట్టేశాను.

పక్క షెడ్డులోంచి తవుడు మేస్త్రీ
గ్రీజు చేతుల్తోనే వచ్చి తొంగిచూశాడు.
"పళ్ళు కలవనేదేటి?
పాత బండికి ఇంకో కంపినీ గేరు ఏసినామనుకో.
అదీ గేరే, ఇదీ గేరే.
పడతాది, తిరుగుతాది, రెండు నెల్లు నీకేటీ తెల్దు.
ఆయిలు దింపి సూడు,
అడుగున ఇనపపొడి."

ఇలియాజ్ నవ్వలేదు.
నోట్లోనే రెండుసార్లు అనుకున్నాడు,
అడుగున ఇనపపొడి.

నెలంతా ఇల్లిల్లూ తిరిగాను.
క్లీనర్ల చొక్కా జేబుల్లో ఉతుకుల్లో చీకిన చీటీలు,
బియ్యం డబ్బాలో దాచిన కాటా రసీదులు,
సుంకి డాబావాడి బాకీల పుస్తకం,
అది ఒరియాలో ఉంది, అంకెలు వాడే చదివిపెట్టాడు.
దాలినాయుడి దగ్గర ఒక్క కాయితమూ లేదు.
క్యాబిన్ ఎక్కమన్నాడు.
పైకప్పు రేకు లోపల, దేవుడి పటం వెనక
మేకుతో గీసిన గీతలు,
కొండెక్కిన ప్రతిసారీ ఒకటి.
టార్చి వేసి లెక్కపెట్టాను.
ఆ మూడూ ఉన్నాయి.
ఒకటి కొంచెం వంకర.
"ఆ రోజు వాన" అన్నాడు.

ఒక్క ముక్కతోనే, నెమ్మదిగా,
వంకరగీతతో సహా కొట్టాను.
తెర మీద ఇసకగడియారం తిరుగుతుంటే
దాలినాయుడు రెండో టీ చెప్పాడు.

తీసేసిన ముక్క సొరుగులో ఉంది.
ఇంకో కంప్యూటర్లో చక్కగా నడుస్తుందట.
ఎవరైనా అడిగితే ఊరికే ఇచ్చేస్తాను.
కాకపోతే ముందు
మీ దాంట్లో ఏముందని అడుగుతాను.